ఓడవైద్యుల సీసాలో వేషధారి

1828వ సంవత్సరము మే నెల మొదటి దినములలో, నాడు స్పెయినువారి యేలుబడిలోనున్న గువామ్ దీవియందలి ఉమాటక్ రేవున ‘ఆస్ట్రొలేబ్’ అను ఫ్రెంచి నౌక లంగరు దింపినపుడు, దానిలోని నావికులలో పెక్కుమంది చలిజ్వరముచే పడక వీడి లేవజాలని దుఃస్థితిలో నుండిరి. నలుబది యేండ్లకు పూర్వము ఇదే పేరుగల యోడతోడను, దాని తోడియోడయైన ‘బుస్సోల్’తోడను దక్షిణసముద్రములందు అదృశ్యుడైన లా పెరూజ్ అను మహానావికుని జాడ వెదకుచు బయలుదేరిన నౌకాధిపతి ద్యూమాన్ దుర్విల్, వనికోరో దీవిని చేరి, అచ్చటి పగడపు దిబ్బల నడుమ నీటియడుగున పడియున్న లంగరును ఫిరంగులను కనుగొని, మృతుల పేర నొక స్మారకమును నిలిపి, ఆ దీవి యంటగట్టిన జ్వరమును వెంటబెట్టుకొని యిచ్చటికి వచ్చెను. రోగులకు పరిచర్య చేయవలసిన వైద్యులలో క్వా, గెమార్ అను నిరువురు వేఱొక బాధ్యతను గూడ నెత్తికెత్తుకొనినవారు. మందులిచ్చుట వారి మొదటి ధర్మము కాగా, ఊపిరి సలిపినప్పుడెల్ల తీరమునగల జంతుజాలమును ప్రోగుచేసి, వర్ణించి, బొమ్మలు గీయించి, సీసాలకెక్కించుట రెండవ ధర్మము. ఆ దీవి వారికిచ్చిన సంపదలో వ్రేలెడంత చేప యొకటి గలదు. ఆఱేండ్ల పిమ్మట పారిసునందు వారి గ్రంథము వెలువడినప్పుడు దానికి ‘ఆస్పిడాంటస్ టీనియాటస్’ అను నామము కుదిరినది. దాని నిజస్వరూపమును మనుష్యులెఱుగుటకు మాత్రము, అది సీసా కెక్కిన నాటినుండి నూటముప్పది యేండ్లు పట్టినది.

నాలుగైదంగుళములకు మించి పెరుగని యీ చేప బ్లెన్నీలను కుటుంబమునకు చేరినది. సన్నని పొడవైన మేను. ముట్టెకొననుండి తోకచివర వఱకు పోనుపోను వెడల్పగుచు సాగిన నల్లని పట్టె. ఆ పట్టెకు పైనను క్రిందను ముందుభాగమున తెలుపును, వెనుకభాగమున లేతనీలమునైన చాయ. తలవెనుకనుండియే మొదలై వీపుపొడవునను సాగిన యొంటి ఱెక్క. నోరు మాత్రము ముట్టెక్రిందుగా నొదిగి పైకి గానరాదు. దానిని తెఱచి చూచినచో క్రింది దౌడయందు వంకరతిరిగిన రెండు కోరలు కనబడును. పగడపు దిబ్బలలో పురుగులు విడిచిపోయిన గొట్టములును, వ్రేలు పట్టని బిలములును దాని నివాసములు. ఆడుది యట్టి చోట గ్రుడ్లు పెట్టగా మగది కావలియుండును. ఇది కూరకు పనికిరాదు, వలకు నిలువదు, గాలమున కందదు. ఏ తీరమునందైనను జాలరి కంటికి ఆననిదానికి అంగడిలో పేరుండదు. అంగడిలో పేరులేనిదానికి గ్రంథములందు చోటు దొరకుట యంతకంటె దుర్లభము. ఇట్టి యల్పజీవి ఉనికి గ్రంథస్థమగుటకు ఓడవైద్యులను నొక విచిత్రవృత్తి కారణమైనది గనుక, ముందుగా ఆ వృత్తిని గూర్చి కొంత చెప్పవలసియున్నది.

దూరయానము చేయు నౌకలో శరీరనిర్మాణము నెఱిగినవాడును, సన్నని కత్తిని వణకక పట్టగలవాడును, తీవ్రమైన సారాయి పాత్రలపై అధికారము గలవాడును ఒక్క వైద్యుడే. ఓషధులను గుర్తించుట నేర్చినవాడు మొక్కలను గుర్తించును. మానవదేహమును కోసి చూచినవాడు చేప కడుపును కోసి చూచుటకు జంకడు. ఇది సామాన్యకారణము. ఫ్రెంచివారి విషయమున మఱియొక విశేషకారణము గూడ గలదు. 1800లో బోదాఁ నాయకత్వమున ఆస్ట్రేలియా తీరములకు వెడలిన యాత్రలో పౌరపండితులు పెక్కుమంది యుండిరి. వారికిని నౌకాధికారులకును పొసగక, మారిషసు చేరునప్పటికే కొందఱు పండితులు ఓడ దిగిపోవుటయు, మిగిలినవారు కలహములతో కాలము గడపుటయు జరిగెను. ఆ యాత్రలో చిన్న యధికారిగా నుండి ఇదంతయు కన్నులార చూచిన ఫ్రెసినే, 1817లో ‘యురానీ’ నౌకకు తానే నాయకుడైనప్పుడు, పౌరపండితుల నెవ్వరిని ఎక్కించుకొనక, శాస్త్రకార్యమునంతయు నౌకాదళవైద్యులకే యప్పగించెను. క్వా, గెమార్ల చెలిమియు, వారి రెండవ వృత్తియు ఆ యోడమీదనే మొదలైనవి. 1819లో వారు గువామ్ దీవిని ఒకసారి చూచియే యుండిరి. అయితే ఆ మఱుసటి యేట ఫాక్లాండు దీవులకడ యురానీ నౌక శిలలపాలు కాగా, వారు కూర్చిన సేకరణలలో కొంతభాగము సముద్రము పాలయ్యెను. కాబట్టి 1828లో వారు గువామ్ తీరమున దిగినప్పుడు, సముద్రము ఒకమాఱిచ్చి లాగికొన్నదానిని మరల సముద్రమునే యడుగవచ్చినవారైరి. ఇంత కష్టపడి ఇంత నష్టపోయిన పిదప మరల ఓడ యెక్కిన యీ యిరువురియెడ నాకు గల గౌరవము చెప్పనలవి కానిది.

వారి పనియందలి క్లేశమును నేటివారు ఊహించుట కష్టము. పట్టిన చేప చచ్చిన కొలది నిమిషములలోనే వన్నె మాఱుటకు మొదలిడును; కాబట్టి చిత్రకారుడు పచ్చిచేపను ముందుంచుకొని త్వరత్వరగా రంగులను దింపుకొనవలెను. అటుపిమ్మట దానిని సారాయిలో నిడుదురు. ఉష్ణమండలపు వేడిమికి సారాయి ఆవిరియై పోవుచుండును, ఓడ ఊగినప్పుడు సీసాలు పగులుచుండును, చీటీలమీది సిరా చెదరుచుండును. సారాయిలో నీలమును పసుపును మాయమగును, నలుపొక్కటి చిరకాలము నిలుచును. మన చేప కబ్బిన ‘టీనియాటస్’ అను విశేషణమునకు పట్టె గలది యని యర్థము. లేతనీలము కరగిపోయిన పిమ్మట సీసాలో మిగులునది ఆ నల్లపట్టెయే. చిత్రకారుని కుంచె రంగును కొంతవఱకు కాపాడినది గాని, ఆ చేప నీటిలో ఎట్లు కదలుచుండెనో, ఎవని యెదుట ఎట్లు నిలిచెనో, దానిని చూచి తక్కిన చేపలేమి చేసెనో కాపాడగల కుంచె గాని సీసా గాని ఆనాడు లేదు.

ఈ వైద్యవృత్తి మన తీరమునకును అపరిచితము కాదు. అలెప్పో నగరమున చిరకాలము వైద్యము చేసిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశీయుడు, 1780ల ప్రారంభమున, ఈస్టిండియా కంపెనీ కొలువులోనున్న తన సోదరుని వెంట విశాఖపట్టణము చేరి, 1785లో కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియుక్తుడయ్యెను. 1796లో ఆయన వెలువరించిన సర్పగ్రంథమున ‘కాటుకరేకులపొడ’ అను తెలుగుపేరే ఒక పాముకు శీర్షికగా నిలిచినది. ఆ పాముకే నేడు లోకమంతట రస్సెల్ పేరు వాడుకలో నున్నది. 1803లో లండనునందు రెండు సంపుటములుగా అచ్చయిన ఆయన మత్స్యగ్రంథము విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనలతోడను, దేశీయచిత్రకారుని చేత వ్రాయించిన బొమ్మలతోడను కూడియున్నది. మన జాలరులు చెప్పిన పేర్లనే ఆయన ఇంగ్లీషు లిపిలో శీర్షికలుగా నుంచెను; ‘పార’ అను మాట తోడి పేర్లు అందు పలుమాఱులు వచ్చును. నేటికిని మన రేవులలో వినబడు మాటను రెండువందల యేండ్లనాటి పుటలో చదివినపుడు కలుగు ఆనందము వేఱు. పారిసునందు క్యువియే, వలాఁసియెన్ అను పండితులు తమ మహాగ్రంథమును రచించునపుడు ఈ విశాఖ పుస్తకమును ముందుంచుకొని పలుచోట్ల ప్రమాణముగా గ్రహించిరి. అయినను రస్సెల్ చూచిన 200 చేపలు ప్రాయికముగా వలకు చిక్కి ఒడ్డుకు వచ్చినవి, అనగా జాలరి యెఱిగి పేరుపెట్టినవి. క్వా, గెమార్లకు దొరకిన దట్టిది కాదు.

బ్లెన్నీ యను పేరునకు పూర్వచరిత్ర యొకటి గలదు. గ్రీకుభాషయందు ‘బ్లెన్నోస్’ అనగా జిగురు, చీమిడి. పొలుసులు లేక ఒడలెల్ల జిగురుపూతతో చేతికి చిక్కక జారిపోవు చేపల కాపేరు తగియున్నది. మన జెల్లలను పట్టి యెఱిగినవారికి ఆ జారుడు ఎట్టిదో చెప్పనక్కఱలేదు. ఆ పదమును శాస్త్రీయజాతినామముగా స్థిరపఱచిన మహనీయుడు స్వీడను దేశీయుడైన పీటర్ ఆర్టెడి. ఇతడు లిన్నేయసునకు ప్రాణమిత్రుడు. 1735లో ఆంస్టర్డాము నగరమున సెబా అను ధనికుని చేపల సేకరణకు పట్టిక వ్రాయుచు, ఒకనాటి రాత్రి యింటికి మరలుచు కాలువలో పడి, ముప్పదియేండ్ల వయస్సుననే మరణించెను. జీవితమంతయు చేపల కర్పించినవాడు నీటిపాలయ్యెను. అతని వ్రాతలను లిన్నేయసు సంపాదించి, 1738లో ప్రకటించి, ఆ విభజనమునే తన ‘సిస్టెమా నాటురే’ యందు గైకొనెను. 1758 నాటి కూర్పునుండియే జంతునామములను శాస్త్రము లెక్కించుచున్నది గనుక, బ్లెన్నీలు ఆ తొలిపుటలనుండియు మత్స్యశాస్త్రమునందున్నవే యనవచ్చును.

ఇప్పుడు మన కథకు మూలమైన విషయమునకు వచ్చుచున్నాను. పగడపు దిబ్బలలో మఱియొక చిన్నచేప గలదు. అదియు సన్ననిదే, పొడవైనదే; దానికిని ముట్టెనుండి తోక వఱకు వెడల్పగుచు సాగు నల్లనిపట్టెయు, వెనుకవైపున లేతనీలమును గలవు. అది రాస్ అను వేఱు కుటుంబమునకు చెందినది. ఇంగ్లీషువారు దానిని క్లీనర్ రాస్ అందురు. అది చేయుపనినిబట్టి నేను వైద్యమత్స్యమని వ్యవహరింతును. దీనికి శాస్త్రనామమిచ్చినవాడు వలాఁసియెన్; ఇచ్చినది 1839లో. అనగా అనుకరించు చేపకు 1834లోను, అనుకరింపబడు చేపకు అయిదేండ్ల తరువాతను నామకరణము జరిగినది! బింబమునకంటె ముందు ప్రతిబింబము పట్టికకెక్కినది. ఆ రెండింటి పోలికను ఆనా డెవ్వరును పట్టించుకొనక పోవుటకు పండితుల యజాగ్రత్త కారణము కాదు. వారి జాగ్రత్తయే కారణము. క్యువియే నేర్పిన పద్ధతి పైపూతను నమ్మవలదని, యెముకను పంటిని ఱెక్కముండ్లను నమ్ముమని బోధించినది. ఆ పద్ధతి సత్యమైనది. దానివలననే యీ రెండు చేపలును చుట్టములు కావని నిర్వివాదముగా తేలినది. 1828 మొదలు 1849 వఱకు 22 సంపుటములుగా వెలువడిన ఆ మహామత్స్యచరిత్రలో బ్లెన్నీలు 11వ సంపుటమునకును, రాస్‌లు 13వ సంపుటమునకును పోయినవి. దిబ్బలో జానెడు దూరమున బ్రదుకు రెండు ప్రాణులు గ్రంథమున వందలకొలది పుటల దూరమున నిలిచినవి. భాండాగారపు అరలయందును అంతియే. వంశముల వారిగా సీసాలను పేర్చినచోట, వంశభేదము గల రెండింటి పోలికను గమనించువా డెవ్వడు? సత్యమైన క్రమమే మఱియొక సత్యమునకు తెరయైనది. ఈ సంగతి తలచుకొన్నప్పుడెల్ల నాకు ఆశ్చర్యమును, కొంత విచారమును గలుగును.

అనుకరణమను విషయమే ఆనాటివారికి తెలియదని కాదు. అమెజాను అరణ్యములలో పదునొకండేండ్లు గడపి వచ్చిన హెన్రీ వాల్టర్ బేట్స్, పక్షులకు రుచింపని సీతాకోకచిలుకల రూపమును నిరపాయములైన వేఱుజాతి చిలుకలు ధరించి బ్రదుకుచున్న వైనమును 1862లో ప్రకటించెను. ఒక ప్రాణి మఱియొకదానిని శుభ్రము చేయుట గూడ అతిప్రాచీనకథయే. మొసలినోట జలగల నేఱితిను పక్షిని గూర్చి హెరొడోటసు క్రీస్తుకు పూర్వము అయిదవ శతాబ్దముననే వ్రాసియుండెను. అయితే సీతాకోకచిలుక మన గాలిలోనే యెగురును, మొసలి మన యొడ్డుననే యెండకు పడుకొనును. దిబ్బలోని చేపలు బ్రదుకుచోట మనుష్యుడు రెండు నిమిషములు నిలువలేడు.

ఈ నడుమ మన దేశమున జరిగినదానిని గూడ పేర్కొనవలెను. మద్రాసు సైన్యమున వైద్యుడుగా చేరిన ఫ్రాన్సిస్ డే అండమానుల చేపలను గూర్చి ప్రత్యేకముగా వ్రాసి, 1875 మొదలు 1878 వఱకు వెలువరించిన తన భారతమత్స్యగ్రంథమున 1,400లకు మించిన జాతులను వర్ణించెను. అందు బ్లెన్నీలును గలవు. తూర్పుసముద్రపు డచ్చిదీవులలో బ్లీకర్ అను సైనికవైద్యు డంతకంటె నధికముగా శ్రమించి, 1862 మొదలు తన మరణమువఱకు గొప్పచిత్రసంపుటములను వెలువరించెను. వైద్యమత్స్యము నేడు ధరించియున్న ‘లాబ్రాయిడీస్’ అను జాతినామ మాయన 1851లో పెట్టినదే. అందఱును వైద్యులే, అందఱి చేతులయందును సీసాలే. వైద్యవేషమును ధరించిన చేప వైద్యుల చేతులనుండి వైద్యుల చేతులకు మాఱుచు ఒక శతాబ్దమునకు పైగా గుర్తింపబడకయే యుండెను.

గుర్తింపు కలుగుటకు మనుష్యుడు నీటిలోనికి దిగవలసివచ్చినది. 1927లో విలియం బీబ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు హెయితీ తీరమున లోహపు శిరస్త్రాణమును ధరించి దిబ్బలయడుగున నడచి, చిన్నరాస్‌లు చిలుకచేపల దేహమును గీకి శుభ్రము చేయుటను చూచి మఱుసటి యేట పుస్తకమున వ్రాసెను. 1939లో వియన్నా యువకుడు హాన్స్ హాస్ కరీబియను దీవులకేగి నీటియడుగున ఛాయాచిత్రములు తీసెను. 1943లో, యుద్ధమధ్యమున, ఫ్రాన్సునందు కుస్తో అను నావికాధికారియు గాన్యాఁ అను ఇంజనీరును గాలిని వీపున మోసికొనిపోవు సాధనమును నిర్మించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ సాధనము శాస్త్రజ్ఞుల చేతికి వచ్చినది. అప్పటివఱకు చేపను పైకి తెచ్చి చూచుచుండినవారు, తొలిసారిగా చేప యింటికే పోయి, పెక్కు నిమిషములు కదలక మెదలక కూర్చుండి చూడగలిగిరి.

అట్లు కూర్చున్నవారికి కనబడినది అద్భుతము. దిబ్బలో నొక గుర్తించదగిన రాయియో పగడపు గుబురో యుండును. వైద్యమత్స్యము దానిని విడువక మసలుచుండును. పెద్దచేపలు, అందును తక్కిన వేళల చిన్నచేపలను మ్రింగునవి, అచ్చటికి వచ్చి వరుస కట్టును. వైద్యమత్స్యము తోకను పైకెత్తియు దింపియు అలవలె నూగుచు నర్తించుచు వాటిని సమీపించును. వచ్చిన చేప కదలక నిలిచి, ఱెక్కలు విచ్చి, మొప్పలకప్పులు తెఱచి, కొన్ని వన్నెను గూడ మార్చుకొని, నోరు వెడల్పుగా తెఱచి యుంచగా, ఆ చిన్నది యెట్టి సంకోచమును లేక ఆ నోటిలో ప్రవేశించి, పండ్లనడుమ మొప్పలనడుమ తిరిగి, అంటుకొనియున్న పరాన్నజీవులను, చచ్చిన చర్మమును ఏఱి తిని వెలుపలికి వచ్చును. ఒక్కొక్క వైద్యమత్స్యము దినమునకు సుమారు 1,200 పరాన్నజీవులను భక్షించునని ఆస్ట్రేలియాలోని లిజర్డ్ దీవికడ అలెగ్జాండ్రా గ్రట్టర్ 1996లో లెక్కించి చూపెను. వేటకాని నోటిలో వేటాడబడునది నిర్భయముగా తిరిగివచ్చుటను మనము పురాణములందలి మునివాటికల వర్ణనలలో వినియున్నాము. దిబ్బలో అది తపశ్శక్తిచేత కాదు, ఉభయుల ప్రయోజనముచేత జరుగుచున్నది.

ఈ వైద్యమును పరిశోధించినవారిలో కాన్రాడ్ లింబో అను కాలిఫోర్నియావాసిని స్మరింపకుండుట తగదు. ఇతడు బహామా దీవులలో రెండు చిన్న దిబ్బలనుండి వైద్యజీవుల నన్నిటిని తొలగించి చూడగా, కొలది దినములలోనే తక్కిన చేపలు పలుచబడి, మిగిలినవాటిపై పుండ్లును తెల్లపొడలును కనబడెను. 1960 మార్చిలో ఫ్రాన్సు దక్షిణతీరమున నీటిగుహ యొకదానిలో దారితప్పి ఇతడు మరణించెను. ఈ ఫలితములను చెప్పు ప్రసిద్ధవ్యాసము మఱుసటి యేట, అతడు లేనినాడు అచ్చయ్యెను. ఆర్టెడి వలెనే ముప్పదియైదేండ్లైనను దాటకుండ నీటిపాలైన వేఱొక మత్స్యప్రియుడు! హవాయి దీవులలో అట్టి పరీక్షనే చేసినవారికి అట్టి ఫలితము కానరాలేదు. అయితే లిజర్డ్ దీవికడ ఎనిమిదిన్నర యేండ్లు ఓపికగా వైద్యమత్స్యములను తొలగించుచు వచ్చినవారు, అట్టి దిబ్బలలో చేపల సంఖ్యయు జాతుల సంఖ్యయు తగ్గుటను 2011లో నిరూపించిరి.

వేషధారి పట్టువడినది ఈ కాలమునందే. హాన్స్ హాస్ తన ‘జరీఫా’ యను తెరచాపల నౌకపై 1957-58లో ఎఱ్ఱసముద్రము, మాల్దీవులు, నికోబారుల మీదుగా చేసిన యాత్రలో, కాన్రాడ్ లోరెంజ్ శిష్యుడైన ఐబ్ల్-ఐబెస్‌ఫెల్ట్ అను యువశాస్త్రజ్ఞు డుండెను. వైద్యమత్స్యమున కొప్పగించుకొన్నట్లే నిశ్చలముగా నిలిచిన చేపను, ఆ నల్లపట్టె గల చిన్నచేప సమీపించి, శుభ్రము చేయుటకు మాఱుగా ఱెక్కకొనను కొఱికి పోవుటను, కొఱుకువడిన చేప త్రుళ్లిపడి తిరిగి చూచుటను గమనించి, అట్లు కొఱికినది వైద్యమత్స్యము కాదని, ఎప్పుడో గువామ్‌నుండి పేరుపొందిన బ్లెన్నీయని ఆయన 1959లో ప్రకటించెను. ఆ మఱుసటి యేటనే రాండాల్ దంపతులు ఉష్ణసముద్రపు చేపలలోని అనుకరణములను గూర్చి వ్రాయుచు దీనిని చేర్చిరి. రంగొక్కటియే కాదు, నడకయు నేర్చినదే. సామాన్యముగా బ్లెన్నీ మేను మెలికలు త్రిప్పుచు ఈదును. ఇది మాత్రము పక్కఱెక్కలతో అలవలె నూగుచు వైద్యుని నాట్యమును యథాతథముగా ఆడును. దక్షిణపసిఫిక్కునందలి కొన్ని దీవులకడ వైద్యమత్స్యమునకు ప్రక్కను నారింజవన్నె మచ్చ యొకటి యధికముగా నుండగా, అచ్చటి బ్లెన్నీకిని ఆ మచ్చ ఉన్నది. భేదమంతయు ముట్టె క్రింద దాగిన నోటియందే. క్వా, గెమార్లు సీసాలో నుంచినప్పుడు మొదట పరీక్షించియుండదగిన యవయవమదియే; పంటిని చూచి కులమును తేల్చు పద్ధతికి ఆ కోరలే సాక్ష్యము. కులము నిజమే తేలినది. వేషము నీటిలో మిగిలిపోయినది.

ఈ వార్త వెలువడినది మొదలు ఆ చేపకు దొంగ, మోసగాడు, గోముఖవ్యాఘ్రము అను పేర్లు స్థిరపడినవి. అనుకరణమునకు ఉదాహరణము కావలసినప్పుడెల్ల పాఠ్యపుస్తకములు దీనిని నిలబెట్టి దండించుచు వచ్చినవి. మన చేప పక్షమున నొక మాట చెప్పవలసిన భారము నామీద నున్నట్లు నాకు తోచుచున్నది. అదృష్టవశమున నాకంటె ఓపిక గల జపాను శాస్త్రజ్ఞుడు తెత్సువో కువామురా ఆ మాటను 1983లోనే చెప్పియున్నాడు. ఒకటి రెండు చూపులతో తృప్తిపడక, ఆ బ్లెన్నీ ఏమి తిని బ్రదుకుచున్నదో ఆయన చాలకాలము వెంటబడి చూచెను. ఇతరమత్స్యముల ఱెక్కలు దాని యాహారమున ముఖ్యములు కావు. దిబ్బలోని గొట్టపుపురుగుల కుచ్చులు, అడుగున నంటుకొనియుండు చేపగ్రుడ్లు, పెద్ద ఆల్చిప్పల మెత్తనియంచులు, ఇవియే దాని ప్రధానభోజనము. వేషము మఱి యెందులకు? వైద్యమత్స్యమును పెద్దచేపలు మ్రింగవు. దానిని పోలినదానికిని ఆ రక్షణ కొంత లభించును. కొఱుకుట కొఱకే వేషమని తొలుత నిశ్చయించినవారు కన్నదానిని అబద్ధమాడలేదు గాని, మనుష్యుల నడుమ దొంగవైద్యులను చూచిన కన్నులతోనే నీటిలోనికిని చూచిరేమో యని నా యనుమానము.

అదే పరిశోధనను కొనసాగించిన కువామురాయు, ఆయన సహచరులును 2018లో ప్రకటించిన ఫలితము ఇంకను విశదమైనది. ఱెక్కలు కొఱుకుట ముఖ్యముగా చిన్నవయసు బ్లెన్నీల పని. గొట్టపుపురుగుల నేఱుటకు గాని, గ్రుడ్లు దోచుటకు గాని బలము చాలని దినములలో వేషము వాటికి ఆ విధముగా అన్నము పెట్టును. పెరిగిన కొలది కొఱుకుట తగ్గిపోవును. పెద్దవి కొన్ని గుంపుగా కూడి, గ్రుడ్లకు కావలికాయు డాంసెల్ చేపల గూళ్లపైకి పోవును. వైద్యమత్స్యము ఒంటిగానో జంటగానో మసలును గాని అట్లు దండెత్తదు. కావున ఆ గడియలో వేషమునకు పని లేదు. తండ్రి చేప ఒకదానిని తఱుముచుండగా తక్కినవి గ్రుడ్లమీద వాలును. అది తిరిగి యిటు రాగా అవతలివి వాలును. దోపిడి ముగిసిన పిమ్మట గుంపు విడిపోయి, ఒక్కొక్కటియు తన బిలమును చేరి, తోకను ముందు పెట్టి వెనుకకు జరుగుచు లోనికి దూరి, నల్లపట్టె మొదలగు ముట్టెను మాత్రము వెలుపలికి చాచి, దారిన పోవు చేపలను చూచుచు కూర్చుండును.